జేఆర్ఎఫ్‌తో పీహెచ్‌డీనా, వ్యాక్సిన్ కంపెనీనా, ప్రాజెక్ట్ జాబా, అమెరికా ఎంపీహెచ్‌చా: గ్లోబల్ హెల్త్ రీసెర్చ్‌లోకి వెళ్లేవాళ్లకి నా లెక్క

మొన్న ఆదివారం మా బాబాయి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. ఎంఎస్సీ మైక్రోబయాలజీ అయిపోయింది, నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది, హైదరాబాద్ పక్క జీనోమ్ వ్యాలీలో ఒక వ్యాక్సిన్ కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) ఆఫర్ ఇచ్చింది, అమెరికా నుంచి ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) అడ్మిట్ కూడా వచ్చింది, ఇవి చాలవన్నట్టు వాళ్ల మేడమ్ ఒకావిడ "ఫీల్డ్ ప్రాజెక్ట్ ఒకటి ఉందమ్మా, వెంటనే చేరిపో" అంటున్నారట. నాలుగూ చెప్పి "అన్నయ్యా, దేంట్లో చేరమంటావ్, నాన్నేమో పొలం మీద లోన్ పెడదాం అంటున్నాడు, నాకేమో భయమేస్తోంది" అంది. గంటన్నర మాట్లాడినా సగమే అయింది. ఏటా ఈ సీజన్‌లో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నా, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ ఫీల్డ్‌లో డబ్బు ఎక్కడ్నుంచి వస్తుందో అర్థం కావాలి, అది తెలీకుండా జీతాలు పోల్చుకుంటే ఉపయోగం లేదు. మాది భీమవరం దగ్గర. చిన్నప్పుడు రాత్రి భోజనాలయ్యాక హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లు టార్చి లైట్లు పట్టుకుని వీధిలోకొచ్చేవాళ్లు, నిద్రపోతున్న పిల్లల్ని లేపి వేలి మీద సూదితో పొడిచి గాజు పలక మీద రక్తం చుక్క రాసుకునేవాళ్లు. పగలు రావచ్చు కదా అని మా నాయనమ్మ విసుక్కునేది. బోదకాలు పురుగు పిల్లలు రక్తంలో పైకి వచ్చేది రాత్రిపూటేనని నాకు డిగ్రీలో గానీ తెలీలేదు. నాయనమ్మ కుడికాలు మోకాలి కింద నుంచి స్తంభంలా ఉండేది, ఆ కాలికి సరిపడే చెప్పు ఎక్కడా దొరికేది కాదు, పాత లుంగీ గుడ్డ చుట్టుకుని నడిచేది. ఏడాదికోసారి ఊరందరికీ పంచే డీఈసీ అనే బోదకాలు మాత్ర తెచ్చింది ఎవరంటే మా భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలో లెడర్లీ కంపెనీ రీసెర్చ్ హెడ్‌గా ఉన్నప్పుడు ఆయన టీమ్ కనిపెట్టిన మందు అది. ఆయన మాత్రం ఎలా వెళ్లారు? మామగారి డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ ఛారిటీస్ సాయం, బోస్టన్ చేరి, రాత్రిళ్లు హాస్పిటల్లో పోర్టర్ పని చేస్తూ హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదువు. అంటే అప్పుడూ మొదటి ప్రశ్న ఇదే, డబ్బు ఎవరిస్తారు అని.

ఎందుకంటే బోదకాలు, కాలా అజార్, టైఫాయిడ్, పసిపిల్లల విరేచనాలు ఇవన్నీ డబ్బున్నోళ్ల రోగాలు కావు. మందు తయారుచేస్తే కొనేవాడి దగ్గర డబ్బుండదు, అందుకే మామూలు ఫార్మా లెక్కలు ఇక్కడ పనిచెయ్యవు, గవర్నమెంటో ఫౌండేషనో ముందు డబ్బు పెట్టాలి. పసిపిల్లల విరేచనాలు ఆపే చుక్కల టీకా రోటావాక్ చూడండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన బిడ్డల దగ్గర దొరికిన 116ఈ అనే వైరస్ రకం, దాని వెనక డాక్టర్ ఎం.కె.భాన్ గారి ఏళ్ల శ్రమ, డీబీటీ (కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం) డబ్బు, గేట్స్ ఫౌండేషన్ డబ్బు, పాత్ అనే సంస్థ సాయం, హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారీ. ఢిల్లీ, పుణే, వెల్లూరుల్లో దాదాపు 6,800 మంది పసిపిల్లల మీద ట్రయల్ చేసి, 2016లో ప్రభుత్వ టీకాల్లో పెడితే మొదటి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ఒక్క చుక్కల మందు వెనక ఎన్ని రకాల ఉద్యోగాలున్నాయో చూడండి: వైరస్ పెంచేవాళ్లు, బ్యాచ్ టెస్ట్ చేసేవాళ్లు, ఇంటింటికీ తిరిగి తల్లుల దగ్గర సంతకం తీసుకునేవాళ్లు, మలం శాంపిల్ ఐస్ డబ్బాలో పెట్టి తెచ్చేవాళ్లు, డేటా మేనేజర్లు, స్టాటిస్టిక్స్ వాళ్లు, మందులకి అనుమతిచ్చే డీసీజీఐకి ఫైళ్లు పెట్టే రెగ్యులేటరీ వాళ్లు. మా చెల్లి అడిగిన నాలుగు దారులూ ఈ గొలుసులో ఎక్కడో ఒకచోట తగిలేవే.

2025లో ఈ ఫీల్డ్ పునాదులే కదిలాయి. బయటి దేశాలకి సాయం పంచే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ జులై 1తో మూతపడింది. మే 1న అమెరికాలో వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్, అమెరికా యూనివర్సిటీకి ఇచ్చిన గ్రాంట్‌లోంచి బయటి దేశాల సంస్థలకి వాటా పంచే పాత సబ్‌అవార్డ్ పద్ధతి ఆపేస్తున్నామంది. ఇంకోవైపు బిల్ గేట్స్ వచ్చే 20 ఏళ్లలో 200 బిలియన్ డాలర్లు ఖర్చుపెట్టి 2045 డిసెంబర్ 31కి ఫౌండేషన్ మూసేస్తానని ప్రకటించారు. అంటే డబ్బు మొత్తం ఎండిపోలేదు, దారి మార్చుకుంది. కాబట్టి పేరు చూసో దేశం చూసో కాదు, ఏ ఆఫరొచ్చినా నేను మూడు అడుగుతాను. డబ్బు ఎవరిది, ఎన్నేళ్లకి చేతిలో ఉంది? అది ఎవరి పేరు మీద ఉంది, నా పేరు మీదా, సార్ పేరు మీదా, ఏడు సముద్రాలవతల ఇంకెవరి పేరు మీదా? రేపు పొద్దున ఆగిపోతే నా చేతిలో ఏం మిగులుతుంది?

ప్రాజెక్ట్ జాబ్

దీన్ని ముందు పెడుతున్నా, ఎందుకంటే నా దెబ్బ ఇక్కడే తగిలింది. ఎంఎస్సీ తర్వాత ఒక విదేశీ గ్రాంట్ మీద నడిచే ఫీల్డ్ స్టడీలో చేరాను, 11 నెలల కాంట్రాక్టు, రెన్యూ అవుతూ మూడో ఏడాదిలోకి వచ్చాం. మెదక్ వైపు పల్లెలు, పొద్దున్నే ఆరింటికి బైక్ మీద బయల్దేరడం, వ్యాక్సిన్ క్యారియర్‌లో ఐస్ ప్యాకులు చెమటపట్టించి మరీ సర్దడం, ఎందుకంటే ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే పెడితే పక్కన ఉన్నది గడ్డకట్టేస్తుంది, ప్యాక్ ఊపితే లోపల నీళ్ల శబ్దం వినబడాలి, అప్పుడే పెట్టాలి. ఒక శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది, సోమవారం నుంచి ఫీల్డ్‌కి వెళ్లొద్దు అని. మైనస్ 80 ఫ్రీజర్‌లో మూడు ర్యాకుల శాంపిల్స్, అన్నీ నా చేతిరాత లేబుల్సే, వాటిని ఎవరు టెస్ట్ చేస్తారో ఎవరికీ తెలీదు. అన్నిటికంటే బాధ, రెండో విడత రక్తానికి వస్తామని మాటిచ్చిన తల్లులకి ఫోన్ చేసి రావట్లేదమ్మా అని చెప్పడం. ఒకావిడ "మా పాప రిపోర్ట్ మరి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అయినా ప్రాజెక్ట్ జాబ్ చెడ్డదని చెప్పను. ఊరి మనుషులతో ఎలా మాట్లాడాలి, కన్సెంట్ అంటే కాగితం మీద వేలిముద్ర ఒక్కటే కాదు అనేది నాకు ఏ క్లాసూ నేర్పలేదు, అదే నేర్పింది. జీతం కూడా మరీ తీసిపారేసేది కాదు, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్-1కి మెడికల్ కానివాళ్లకైతే నెలకి 56,000, మీద హెచ్‌ఆర్‌ఏ. కాకపోతే ఫ్రెషర్‌కి ఎక్కువగా వచ్చేవి ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్ పోస్టులు, దాదాపు అందులో సగం. చేరేముందు ప్రాజెక్ట్ సారునో మేడమ్‌నో సిగ్గుపడకుండా అడగండి: గ్రాంట్ ఏ తేదీతో అయిపోతుంది, ఫండర్ నేరుగా మన ఇన్‌స్టిట్యూట్‌కి ఇచ్చాడా, ఇంకో యూనివర్సిటీ ద్వారా వస్తోందా, ఐసీఎంఆర్ దగ్గర హెచ్‌ఎంఎస్‌సీ అప్రూవల్ (విదేశీ సంస్థలతో చేసే రీసెర్చ్‌కి అనుమతి) చేతికొచ్చిందా, ఇన్‌స్టిట్యూట్‌కి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి) ఉందా, ఉంటే ఎప్పటిదాకా. ఈ చివరిది చాలామంది అడగరు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి పంచకూడదు, ఆఫీస్ ఖర్చులకి 20 శాతం మించకూడదు, అంతకుముందు 50 ఉండేది. అంటే ఒక పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంస్థలకి పంచే పాత పద్ధతి పోయింది, మీ జీతం ఏ పద్దు కింద వస్తుందో కూడా చూస్కోవాల్సిందే. ఇంకోటి, రీసెర్చ్ పేపర్లలో మీ పేరు ఉంటుందా లేదా చేరినప్పుడే మాట్లాడుకోండి, తర్వాత మొహమాటపడి ఏడ్చిన వాళ్లని చాలామందిని చూశా.

నా లెక్కలో ప్రాజెక్ట్ జాబ్ ఒకటి, మహా అయితే రెండేళ్లు. అది పీహెచ్‌డీకో ఎంపీహెచ్‌కో ముందు మెట్టుగా బంగారం, ఐదేళ్లు అక్కడే ఉండిపోతే మాత్రం గాలిలో దీపమే.

జేఆర్ఎఫ్‌తో ఇక్కడే పీహెచ్‌డీ

జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్లయ్యాక అదే ఎస్ఆర్ఎఫ్‌గా మారి 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. డబ్బు కొన్నిసార్లు నెలల తరబడి లేటుగా పడుతుంది, చేతిలో మూడునాలుగు నెలల ఖర్చు పెట్టుకుని చేరండి. కానీ పై మూడు ప్రశ్నలకి దీని జవాబు చూడండి: డబ్బు ప్రభుత్వానిది, ఐదేళ్లు, మీ పేరు మీద. గైడ్ గ్రాంట్ ఆగినా మీ స్టైపెండ్ ఆగదు. ఆ ఒక్క మాట విలువ నాకు ఆ శుక్రవారం తర్వాత తెలిసింది.

హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే జీవశాస్త్ర సంస్థలు, ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ), సెంట్రల్ యూనివర్సిటీ, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి రీసెర్చ్ విభాగం, ఇన్ని ఒకే ఊళ్లో ఉండటం చిన్న విషయం కాదు. కాకపోతే సీసీఎంబీలో సీటు వచ్చింది కదా అని గ్లోబల్ హెల్త్ అయిపోదు, ల్యాబ్ ఏం చేస్తుందో చూడాలి. ఒక ప్రొటీన్ ఎలా మడతపడుతుందో చూడటం గొప్ప సైన్సే, కానీ మీకు మనుషుల రోగాల మీద, ట్రయల్స్ మీద, న్యూట్రిషన్ మీద మనసుంటే ఎన్‌ఐఎన్ లాంటిచోట ఊళ్లలో కోహార్ట్‌లు (ఒకే గుంపు మనుషుల్ని ఏళ్లతరబడి గమనించే స్టడీలు) నడిపిన వాళ్ల దగ్గర చేరితే మీకు రెండు చేతులూ వస్తాయి, ల్యాబూ ఫీల్డూ.

పీహెచ్‌డీ తర్వాత ఏంటి అని భయపడేవాళ్లకి ఒక మాట. బంజారాహిల్స్‌లో ఆఫీసుండి రీసెర్చ్ ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ గురించి మనవాళ్లకే తెలీదు, అది డీబీటీ, లండన్ వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టింది. ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఐదేళ్లు, జీతం, రీసెర్చ్ డబ్బు రెండూ మీ పేరు మీద. 2025 అక్టోబర్‌లో కేంద్ర క్యాబినెట్ మూడో విడతకి 1,500 కోట్లు ఓకే చేసింది, అందులో డీబీటీ 1,000, వెల్‌కమ్ 500. అమెరికా వైపు తలుపులు మూసుకుంటున్న ఏడాదే మన ఊళ్లో ఇంత డబ్బుకి సంతకం పడింది, ఇది చాలామంది గమనించలేదని నా బాధ. వెల్‌కమ్ వాళ్ల లండన్ స్కీముల్లో ఇండియా సంస్థల నుంచి పెట్టేవాళ్లని మామూలుగా ఈ ఇండియా అలయన్స్‌కే వెళ్లమంటారు కాబట్టి ఆ వెబ్‌సైట్ అంతా చదివి టైమ్ వేస్ట్ చేస్కోకండి. ఇది కాక రీసెర్చ్‌కి డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఉంది, పాత ఎస్‌ఈఆర్‌బీని కలిపేసుకుని 2023 చట్టంతో వచ్చింది, అందులో పోస్ట్‌డాక్ ఫెలోషిప్ ఉంది, ఫ్యాకల్టీ అయ్యాక ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ గ్రాంట్ మూడేళ్లకి 60 లక్షల దాకా. పోస్ట్‌డాక్‌కి బయటికి వెళ్లాలంటే యూరప్ మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి ఏ దేశం వాళ్లైనా పెట్టొచ్చు.

నష్టం కూడా చెప్పాలి కదా. ఐదేళ్లంటారు, ఆరు పడుతుంది. ఈలోపు ఫ్రెండ్స్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాట్ కొంటారు, ఇంట్లో పెళ్లి సంబంధాల దగ్గర "ఇంకా చదువుతోందా" అంటారు, ఆడపిల్లలకి ఇది ఇంకా ఎక్కువ. గైడ్ మంచివాడు కాకపోతే జేఆర్ఎఫ్ ఎంతున్నా నరకమే. అందుకే చేరేముందు ఆ ల్యాబ్ నుంచి బయటికెళ్లిన ఇద్దరు పాత స్టూడెంట్స్‌తో ఫోన్లో మాట్లాడండి, ఇప్పుడున్నవాళ్లు నిజం చెప్పలేరు.

వ్యాక్సిన్ కంపెనీ

ఆ ప్రాజెక్ట్ ఆగాక నేను రెండున్నరేళ్లు ఒక వ్యాక్సిన్ కంపెనీ క్యూసీలో చేశా, అందుకే దీని గురించి ధైర్యంగా చెప్పగలను. ఫ్రెషర్ జీతం చాలాచోట్ల జేఆర్ఎఫ్ కంటే తక్కువే, షిఫ్టులు, శామీర్‌పేట దాటి కంపెనీ బస్సు. స్టెరైల్ ఏరియాలోకి వెళ్లాలంటే మూడు గదుల్లో మూడుసార్లు బట్టలు మార్చాలి, చివరి గౌన్ నేలకి తగిలితే మళ్లీ మొదట్నుంచి, కళ్లు తప్ప ఏమీ కనపడకూడదు, లోపల చెయ్యి కూడా నెమ్మదిగా కదపాలి. బయటికొచ్చేటప్పుడు గ్లవ్స్ వేళ్లు ఒక్కొక్కటీ అగార్ ప్లేట్ మీద ఆనించాలి, రెండు రోజుల తర్వాత ఆ ప్లేట్ మీద ఒక్క కాలనీ కనపడినా రాత్రంతా కూర్చుని కారణం రాయాలి. మొదటి ఆరు నెలలు ఇదేం సైన్స్ అనుకున్నా. తర్వాత అర్థమైంది, రోజుల బిడ్డ నోట్లో వేసే చుక్క ఇది, ఇంత కట్టడి లేకపోతే ఆ తల్లి మనల్ని నమ్మకూడదు.

హైదరాబాద్‌లో ఈ పనికి మూలాలు గట్టివి. బయోలాజికల్ ఇ 1953 నుంచి ఉంది, ఇండియన్ ఇమ్యునలాజికల్స్ 1982లో వచ్చింది, వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశపు మొదటి రీకాంబినెంట్ (జీన్ టెక్నాలజీతో చేసే) హెపటైటిస్-బి టీకా తెచ్చి ధర నేలకి దించింది. భారత్ బయోటెక్ టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, రోటావాక్, రెండింటికీ డబ్ల్యూహెచ్‌ఓ ప్రీక్వాలిఫికేషన్ ఉంది, అంటే యూనిసెఫ్ లాంటివి కొనొచ్చు. కోవిడ్ టీకా కోర్బెవాక్స్ అయితే టెక్సస్ చిల్డ్రన్స్ హాస్పిటల్, బేలర్ కాలేజీ వాళ్ల దగ్గర్నుంచి తెచ్చి బయోలాజికల్ ఇ తయారుచేసింది. ఇక్కడ డబ్బు గ్రాంట్ కాదు, కొనుగోలు, యూనిసెఫ్, పేద దేశాల టీకాలకి డబ్బు పెట్టే గావి, మన కేంద్ర ప్రభుత్వం కొంటాయి. అమెరికా 2025 జూన్‌లో గావికి డబ్బివ్వనని చెప్పింది కాబట్టి ఇటు కూడా గాలి తగులుతుంది, కాకపోతే శుక్రవారం మెయిల్, సోమవారం ఇంటికి అన్నట్టు ఉండదు.

నిజంగా చేతిలో మిగిలేది జీఎంపీ అనుభవం, అంటే మందుల తయారీ నాణ్యత నియమాల ప్రకారం పనిచెయ్యడం. డీవియేషన్ (పద్ధతి ఎక్కడ తప్పిందో) రాయడం, ఆడిట్‌లో నిలబడి జవాబు చెప్పడం, టెక్ ట్రాన్స్‌ఫర్ (తయారీ పద్ధతిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తేవడం) చూడటం, ఇవి తెలిసినవాళ్లు ప్రపంచంలో తక్కువ. మలేరియా మందులకి ఎంఎంవీ, నిర్లక్ష్యం చేసిన రోగాలకి డీఎన్‌డీఐ, మహమ్మారి టీకాలకి సెపీ, ఇంకా పాత్, ఈ సంస్థల్లో పని చెయ్యాలని అందరి కల, కానీ అవి ఫ్రెషర్లని తీసుకోవడం చాలా అరుదు. వాళ్లకి కావాల్సింది ఫ్యాక్టరీ చూసినవాళ్లు, ట్రయల్ నడిపినవాళ్లు, రెగ్యులేటరీ ఫైల్ పెట్టినవాళ్లు. ఎంఎంవీ, డీఎన్‌డీఐ ఉండే జెనీవాకి దారి లండన్ డిగ్రీ ఒక్కటే కాదు, జీనోమ్ వ్యాలీ ఉన్న తుర్కపల్లి బస్సు నుంచి కూడా ఉంది. క్యూసీలోనే ఉండిపోకండి, రెండేళ్లయ్యాక ప్రాసెస్ డెవలప్‌మెంట్‌కో క్లినికల్‌కో రెగ్యులేటరీకో మారండి, లోపల్నుంచే అడగండి, బయటి వాళ్లకంటే ముందు మీకే ఇస్తారు.

అమెరికా ఎంపీహెచ్, ఇంకా మిగతా బయటి చదువులు

ఇక్కడ కొంచెం కటువుగా చెప్తా, మా బాబాయికీ ఇదే చెప్పా. అప్పు చేసి చదివేదాన్ని అవకాశం అనొచ్చేమో గానీ ఫండింగ్ అనకూడదు. చెల్లి లెక్కేసుకుంటే ఫీజు, ఖర్చులు కలిపి 55 లక్షలు తేలింది. మూడు ప్రశ్నలు పెట్టి చూడండి: డబ్బు మనదే, అదీ అప్పు, ఆగిపోతే మిగిలేది వడ్డీ. పైగా ఎంపీహెచ్ అన్నీ ఒకటి కాదు. జనరల్ పబ్లిక్ హెల్త్ కోర్సుకి ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) ఏడాదే, ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ లాంటివి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల జాబితా) కింద నమోదైతే ఇంకో 24 నెలలు కలుస్తాయి, అడ్మిట్ లెటర్‌లోనో ఐ-20లోనో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) సీఐపీ కోడ్ (కోర్సు ఏ రకమో చెప్పే నంబరు) చూసి తేల్చుకోండి, కన్సల్టెన్సీ వాడి మాట మీద వద్దు. 2025 సెప్టెంబర్‌లో అమెరికా బయటి నుంచి వేసే కొత్త హెచ్1బీ (ఉద్యోగ వీసా) పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, ఒక చిన్న ఎన్జీవోనో యూనివర్సిటీ డిపార్ట్‌మెంటో ఆ డబ్బు మీ కోసం కడుతుందా? రూల్స్ మళ్లీ మారొచ్చు, కానీ పొలం కాగితాలు బ్యాంకులో పెట్టేది మాత్రం ఇవాళే. అక్కడ సబ్‌అవార్డులు పోయాక, యూఎస్‌ఎయిడ్ మూసేశాక, అనుభవం ఉన్న అమెరికా వాళ్లే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, వాళ్లతో ఫ్రెషర్ పోటీ పడాలి.

బయటికెళ్లాలనే ఉంటే ఎదుటివాళ్ల డబ్బుతో వెళ్లే దారులు చూడండి. అమెరికాకైతే ఫుల్‌బ్రైట్-నెహ్రూ స్కాలర్‌షిప్ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ జే-1 వీసా, చదువయ్యాక రెండేళ్లు ఇండియాకి రావాల్సిందే, అక్కడే స్థిరపడాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు. బ్రిటన్ స్కాలర్‌షిప్ చీవ్‌నింగ్‌కి రెండేళ్ల పని అనుభవం ఉండాలి, వాళ్లూ వెనక్కి రమ్మంటారు. జర్మనీ డాడ్ వాళ్ల డెవలప్‌మెంట్ కోర్సుల స్కాలర్‌షిప్‌కి కూడా రెండేళ్ల అనుభవం అడుగుతారు. చూశారా, ఇక్కడ రెండేళ్లు పని చేస్తే అక్కడి మూడు తలుపుల్లో రెండు తెరుచుకుంటున్నాయి. యూరప్ ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్‌కి అనుభవం కంటే చదువే చూస్తారు, స్కాలర్‌షిప్ నెలకి 1,400 యూరోలు, ఫీజు లేదు, రెండుమూడు దేశాల్లో చదువు. యూరప్ పీహెచ్‌డీకి మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లు ఉన్నాయి, అందులో మీరు స్టూడెంట్ కాదు, జీతం తీసుకునే ఉద్యోగి, గడిచిన మూడేళ్లలో ఆ దేశంలో ఏడాది కంటే ఎక్కువ ఉండకూడదనే రూల్ ఇండియాలో ఉన్న మనకి కలిసొస్తుంది. ఎంపీహెచ్చే కావాలి, అప్పు వద్దు అంటే హైదరాబాద్‌లోనే ఐఐపీహెచ్‌లో, సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. ఎంబీబీఎస్ వాళ్లకైతే చెన్నైలో ఐసీఎంఆర్-ఎన్‌ఐఈ ఎపిడెమియాలజీ ట్రైనింగ్ ఉంది, డాక్టర్లు దాన్ని ముందు చూడండి.

సొంత ఐడియా ఉన్నవాళ్లకి రెండు ముక్కలు. బయోటెక్ స్టార్టప్‌లకి సాయం చేసే కేంద్ర సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంట్ 50 లక్షల దాకా, 18 నెలలు, కంపెనీలో వాటా అడగరు, హైదరాబాద్‌లో ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ద్వారా పెట్టొచ్చు. గ్రాండ్ ఛాలెంజెస్ ఇండియా కూడా బైరాకే చూస్తుంది. పేద దేశాల రోగాల మందులకి డబ్బిచ్చే జపాన్ జీహెచ్‌ఐటీ ఫండ్‌కైతే జపాన్ సంస్థ పార్ట్‌నర్‌గా ఉండాలి, అది లేకుండా మొదలుపెట్టకండి. ఎంఎస్సీ అయిన వెంటనే ఇవి నేను ఎవరికీ చెప్పను, చేతిలో డేటా ఉన్నప్పుడు చూడండి.

ఎవరికి ఏది

ఇంట్లో డబ్బు ఇబ్బంది, వెంటనే ఎంతోకొంత పంపాలి, జేఆర్ఎఫ్ లేదు అంటే కంపెనీ, ఇంకో ఆలోచన వద్దు. జేఆర్ఎఫ్ ఉండి, ఒకే ప్రశ్నతో ఐదేళ్లు కూర్చునే ఓపికుంటే పీహెచ్‌డీ. ఓపిక ఉందో లేదో తెలీకపోతే ఏడాది ప్రాజెక్ట్ జాబ్, కానీ పైన రాసిన ప్రశ్నలన్నీ అడిగాకే. అప్పు లేకుండా బయటికెళ్లగలిగితే ఏ దేశమైనా వెళ్లండి. అప్పుతో అయితే స్టెమ్ కోడ్ ఉండి, బయోస్టాటిస్టిక్స్ లాంటి చేతిపని నేర్పే కోర్సైతేనే, అదీ అప్పు ఇక్కడి జీతంతో కూడా తీర్చగలం అనుకుంటేనే. ఒకట్రెండు కలిపి కూడా ఆలోచించొచ్చు, కంపెనీలో రెండేళ్లు చేసి అనుభవంతో చీవ్‌నింగో డాడో పెట్టడం నాకు చాలా నచ్చిన దారి, నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. జేఆర్ఎఫ్ ఉన్నవాళ్లు మాత్రం లెటర్ మీద గడువు తేదీ చూసుకోండి, అది దాటితే మళ్లీ పరీక్షే.

మా చెల్లి అమెరికా వాళ్లకి అడ్మిషన్ ఏడాది వాయిదా వెయ్యమని మెయిల్ పెట్టింది, బాబాయి పొలం కాగితాలు మళ్లీ బీరువాలో పెట్టాడు. కంపెనీ వాళ్లని రెండు వారాలు టైమ్ అడిగింది. ఇప్పుడు పిల్లల పేగుల ఇన్ఫెక్షన్ మీద, న్యూట్రిషన్ మీద పనిచేసే ల్యాబులు నాలుగు ఏరుకుని మెయిల్స్ రాస్తోంది. నిన్న రాత్రి డ్రాఫ్ట్ పంపింది. మొదటి రెండు పేరాలు మార్కులు, మెడల్స్, చిన్నప్పట్నుంచీ సైన్స్ అంటే ఇష్టం అని ఉంది. మూడో పేరాలో ఆ ల్యాబ్ పేపర్ ఒకటి చదివి, "మీ శాంపిల్స్ వేసవిలోనే తీశారు కదా సార్, వానాకాలం తీస్తే ఇదే వచ్చేదా" అని ఒక ప్రశ్న అడిగింది. పై రెండు పేరాలు తీసేసి ఇది పైకి తీసుకురా, మిగతావి సీవీలో ఉంటాయి అని చెప్పా.